ఎయిర్‌ఫోర్సా, ఎయిర్‌లైన్సా: పాలకొల్లు నుంచి వచ్చిన ప్రశ్నకు నా సమాధానం

పాలకొల్లు దగ్గర నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ అన్నగారబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాదిలో ఉన్నాడు, పైలట్ అవుతానంటున్నాడు. తండ్రి ఎకరంన్నర రొయ్యల చెరువు అమ్మి సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) చేయిస్తానంటున్నారు. మేనమామేమో, ముందు ఎయిర్‌ఫోర్స్‌లో చేరితే పైసా ఖర్చుండదు, నలభై ఏళ్ళకి బయటికొచ్చి ఎయిర్‌లైన్‌లో కెప్టెన్ అయిపోవచ్చంటున్నారు. రెండిట్లో ఏది మేలు? మిలిటరీ నుంచి వచ్చినవాళ్ళు కాక్‌పిట్‌లో పక్కవాణ్ణి నోరెత్తనివ్వరంటారు, నిజమేనా? ఎయిర్‌లైన్ పైలట్ అంటే ఆకాశంలో బస్సు డ్రైవరేనా? ఇవీ ఆయన అడిగినవి.

నేను రెండు ఉద్యోగాలూ చేశానండి. మాది రాజోలు వైపు. ఎయిర్‌ఫోర్స్‌లో ఏఎన్-32 అనే రవాణా విమానం నడిపాను, తర్వాత ఒక ఎయిర్‌లైన్‌లో ఏటీఆర్ అనే చిన్న ప్రయాణికుల విమానానికి కెప్టెన్‌గా చేసి రిటైరయ్యాను. జీతాలు, ఖర్చులు కిందకొచ్చాక చెబుతాను. ముందు అబ్బాయి తెలుసుకోవలసింది వేరే ఉంది. విమానం ఎగరడం రెండుచోట్లా ఒకటే. ఏ పని కోసం ఎగురుతున్నాం అన్నదే వేరు. కాక్‌పిట్‌లో మనిషి ఎలా మాట్లాడతాడు, ఎప్పుడు వెనక్కి తగ్గుతాడు అన్నవి కూడా దాన్నిబట్టే ఉంటాయి.

అరుణాచల్ ప్రదేశ్‌లో మెచుకా అని ఒక లోయ ఉంది, చైనా సరిహద్దుకు బాగా దగ్గర. అస్సాంలోని జోర్హాట్ నుంచి వెళ్ళేవాళ్ళం. నేను వెళ్ళే రోజుల్లో అక్కడ ఇప్పుడున్న రన్‌వే లేదు. చిల్లులున్న ఇనుప రేకులు ఒకదానికొకటి తగిలించి పరిచిన పట్టీ అది. చక్రాలు ఆనగానే విమానమంతా ఒకటే గలగల. లోపల బియ్యం బస్తాలు, కిరసనాయిలు పీపాలు, ఒక్కోసారి జవాన్ల కోసం ప్రాణంతో ఉన్న మేకలు. తిరుగు ప్రయాణంలో ఆస్పత్రికి వెళ్ళే గర్భిణులు, సెలవు దొరికిన సిపాయిలు ఎక్కేవారు. మధ్యాహ్నమయ్యేసరికి లోయలో గాలి లేస్తుంది కాబట్టి పొద్దున్నే వెళ్ళి వచ్చేయాలి. కాక్‌పిట్ వైపు ఐదుగురం ఉండేవాళ్ళం: కెప్టెన్, కో-పైలట్, నావిగేటర్, ఫ్లైట్ ఇంజనీర్, ఫ్లైట్ గన్నర్. నావిగేటర్ గడియారం మీద వేలు పెట్టుకుని మలుపు మలుపుకీ హెడింగ్, అంటే ఎటు తిరగాలో చెబుతాడు. ఇంజనీర్ కళ్ళు ఇంజిన్ గేజీల మీద నుంచి కదలవు. కొండల మధ్య ఒక చోటు దాటామంటే ఇక తిరగడానికి వెడల్పు ఉండదు, దిగి తీరాలి. అందుకని ఆ చోటు రాకముందే అందరూ ఒక్కొక్క మాట చెప్పాలి. మబ్బు ఎక్కడుంది, గాలి ఎటుంది, బరువెంత, వెళ్దామా, వద్దా. ఒక్కడు వద్దన్నా వెనక్కి తిరగాల్సిందే. లోయ నోటి దాకా వెళ్ళి తిరిగొచ్చిన పొద్దులు చాలా ఉన్నాయి. తిరిగొచ్చి టీ తాగి, మబ్బు విడిందని కబురు రాగానే మళ్ళీ బయల్దేరేవాళ్ళం. ఎందుకంటే అవతల సరుకు కోసం చూసేవాళ్ళకి ఇంకో దారి లేదు.

సైన్యంలో ఎగరడమంటే ఇదే. మిలిటరీ పైలట్ తెగించి పోతాడని మన ఊళ్ళలో అనుకుంటారు. అది తప్పండి. ప్రమాదాన్ని నేల మీదే, బ్రీఫింగ్ గదిలోనే కొలుస్తారు. కొలిచాక కూడా పని అయ్యే దారి వెతుకుతూనే ఉంటారు. కొన్నిసార్లు ఆ కొలతకి అందనిది జరుగుతుంది. 2019 జూన్ 3న జోర్హాట్ నుంచి మెచుకాకే బయల్దేరిన ఏఎన్-32 కొండకు తగిలి అందులోని 13 మందీ పోయారు. అంతకు మూడేళ్ళ ముందు, 2016 జులై 22న, తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ ఇంకో ఏఎన్-32 బంగాళాఖాతం మీద 29 మందితో కనిపించకుండా పోయింది. అబ్బాయి యూనిఫాం వేసుకోవాలనుకుంటే ఇంట్లోవాళ్ళు ఈ సంగతి కూర్చుని మాట్లాడుకోవాలి. దాచి పంపకూడదు.

ఇప్పుడు ఎయిర్‌లైన్ సంగతి. ఒక భోగి నాటి పొద్దున్న, హైదరాబాద్ నుంచి రాజమండ్రికి ఫస్ట్ ఫ్లైట్. విమానం నిండా పండక్కి వెళ్ళేవాళ్ళే. పెళ్ళయ్యాక మొదటి పండగకి అత్తారింటికి వెళ్ళే అల్లుళ్ళు కూడా ఉన్నారు, బట్టలు చూస్తేనే తెలిసిపోతుంది. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి మీదికి వచ్చేసరికి కింద తెల్లగా మంచు, దానికి తోడు ఊరూరా భోగిమంటల పొగ. విమానం నేను నడుపుతున్నాను. పక్కన కో-పైలట్ మా అమ్మాయి వయసు పిల్ల. అనుమతించిన కనిష్ఠ ఎత్తుకి రాగానే ఆ అమ్మాయి 'మినిమమ్స్' అంది. నాకు రన్‌వే లైట్లు కనబడలేదు. 'గో-అరౌండ్' అని పవర్ పెంచి పైకి లేచాం. కాసేపు తిరిగి చూశాం, మంచు విడలేదు, విశాఖపట్నం వెళ్ళి దిగాం. లోపల గొడవ. పుట్టి పెరిగిన ఊరి పక్కన దిగలేకపోతే ఏం కెప్టెన్ అని ఒక పెద్దాయన నా మొహం మీదే అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. మెచుకాలో అయితే సాయంత్రందాకా ఇంకో దారి వెతికేవాణ్ణి. ఇక్కడ వెనకాల కూర్చున్నవాళ్ళు టికెట్ కొన్నారు, ప్రమాదానికి ఒప్పుకుని సంతకం పెట్టలేదు. వాళ్ళ తరఫున నేను ఏ చిన్న పందెమూ కాయకూడదు. ఎయిర్‌లైన్‌లో గో-అరౌండ్ చేసినందుకు పైలట్‌ని తప్పు పట్టకూడదన్నది నియమం. చేయాల్సినచోట చేయకపోతేనే పిలిచి అడుగుతారు. విమానంలో రికార్డయిన డేటా తీసి ఎక్కడ ఎంత వేగం, ఎంత ఎత్తు అని ప్రతి ల్యాండింగ్‌నీ చూస్తారు. బస్సు డ్రైవర్ అనేవాళ్ళు బస్సు డ్రైవర్‌నీ తక్కువ చేస్తున్నారు, ఈ పనినీ తక్కువ చేస్తున్నారు.

ఇక కాక్‌పిట్‌లో నోరెత్తనివ్వరన్న మాట. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. రోజూ ప్రాణాలు ఆధారపడే విషయం ఇదే.

కెప్టెన్‌కి ఎదురు చెప్పలేక జరిగిన ప్రమాదాల్లో అతి పెద్దది 1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనెరీఫ్ దీవిలో జరిగింది. పొగమంచులో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీదే గుద్దుకుని 583 మంది చనిపోయారు. టేకాఫ్ మొదలుపెట్టిన కేఎల్‌ఎమ్ కెప్టెన్ ఆ కంపెనీలో పైలట్లకి శిక్షణ ఇచ్చే పెద్దాయన. అవతలి విమానం రన్‌వే ఖాళీ చేసిందో లేదో అని ఫ్లైట్ ఇంజనీర్‌కి అనుమానం వచ్చింది, అడిగాడు కూడా. చేసిందని కెప్టెన్ గట్టిగా అనేసరికి ఊరుకున్నాడు. మరుసటి ఏడాది డిసెంబర్ 28న అమెరికాలో పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వాళ్ళ డీసీ-8 విమానం ఒకటి చక్రాల ఇబ్బంది చూసుకుంటూ గాల్లో తిరిగి తిరిగి ఇంధనం అయిపోయి కూలింది, పది మంది పోయారు. ఇంధనం తగ్గిపోతోందని పక్కవాళ్ళకి తెలుసు. కెప్టెన్ బుర్రకి ఎక్కేంత గట్టిగా చెప్పలేకపోయారు. వీటి తర్వాతే 1979లో నాసా ఒక వర్క్‌షాప్ పెట్టింది. క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్, సీఆర్‌ఎమ్ అని ఇవాళ ప్రతి పైలటూ చదివేది అక్కడ పుట్టింది.

మన దగ్గరికి వద్దాం. 2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటిపోయి 158 మంది చనిపోయారు. కో-పైలట్ మూడుసార్లు గో-అరౌండ్ అన్నాడు. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో వానలో రన్‌వే సగం దాటాక చక్రాలు ఆనించి లోయలో పడింది ఇంకో విమానం, 21 మంది పోయారు. అక్కడా కో-పైలట్ గో-అరౌండ్ అన్నాడని విచారణ నివేదికలో ఉంది. మొదటిచోట విదేశీ కెప్టెన్. రెండోచోట మన ఎయిర్‌ఫోర్స్ నుంచి వచ్చిన, అందరూ గౌరవించిన కెప్టెన్, ఆయన కూడా ఆ ప్రమాదంలోనే పోయారు. టెనెరీఫ్ కెప్టెనేమో ఎయిర్‌లైన్ శిక్షకుడు. కాబట్టి ఇది మిలిటరీవాళ్ళ జబ్బు అనడం న్యాయం కాదు. కో-పైలట్ కూర్చునే కుడి సీటు నుంచి కెప్టెన్ కూర్చునే ఎడమ సీటుకి మాట చేరడానికి ఎంత ఎత్తు ఎక్కాలి అన్నదే అసలు ప్రశ్న. ఆ ఎత్తు ఎక్కడైనా పెరగొచ్చు.

నిజానికి స్క్వాడ్రన్‌లో నేను చూసింది జనం అనుకునేదానికి తలకిందులు. సార్టీ, అంటే ఒక విడత ఎగరడం అయ్యాక, జరిగినదాని మీద చర్చ, డీబ్రీఫ్ ఉంటుంది. గదిలోకి వెళ్ళాక భుజం మీది పట్టీలు లెక్కలోకి రావు. నిన్నగాక మొన్న వచ్చిన ఫ్లయింగ్ ఆఫీసర్ లేచి నిలబడి, సార్, మీరు అప్రోచ్‌లో స్పీడ్ ఎక్కువ పెట్టారు, నేను చెప్పాను, మీరు జవాబివ్వలేదు అంటాడు. వింగ్ కమాండర్ రాసుకుంటాడు. ఎవరూ నొచ్చుకోరు, సాయంత్రం మెస్‌లో కలిసే భోంచేస్తారు. ఇంకో విషయం చాలామందికి తెలియదు: విమానానికి కెప్టెన్ ఎవరన్నది ర్యాంకు చెప్పదు, ఆ రోజు ఆథరైజేషన్ పుస్తకంలో రాసిన పేరు చెబుతుంది. కెప్టెన్ ఫ్లైట్ లెఫ్టినెంట్ అయి, పక్కన కో-పైలట్‌గా వింగ్ కమాండర్ కూర్చున్న రోజులుంటాయి. గాల్లో ఉన్నంతసేపూ ఆ కుర్రాడిదే ఆఖరి మాట.

మరి ఇబ్బంది ఎక్కడంటే, స్క్వాడ్రన్‌లో అందరూ ఒకరికొకరు తెలుసు. ఒకే కాలనీలో ఉంటారు, ఒకరి పిల్లల పుట్టినరోజుకి ఇంకొకరు వెళ్తారు. గొంతు మారితేనే అవతలివాడు ఇబ్బందిలో ఉన్నాడని తెలిసిపోతుంది. ఎయిర్‌లైన్‌లో అలా కాదు. తెల్లవారుజామున నాలుగింటికి క్యాబ్ ఎక్కి వెళ్తే, పక్క సీట్లో కూర్చునే మనిషిని ఆ రోజే మొదటిసారి చూస్తాం. మళ్ళీ ఎప్పుడు కలుస్తామో తెలియదు. ముక్కూ మొహం తెలియని ఇద్దరు కలిసి విమానం నడపాలి గనకే అక్కడ ప్రతి మాటా ముందే రాసిపెట్టి ఉంటుంది. ఒకరు నడుపుతారు, ఇంకొకరు గమనిస్తారు. వేగం తప్పితే ఏ మాట అనాలి, ఎత్తు తప్పితే ఏ మాట అనాలి, అన్నీ స్టాండర్డ్ కాల్స్. నడిపే పైలట్ రెండుసార్లు పిలిచినా జవాబివ్వకపోతే గమనించేవాడు 'ఐ హావ్ కంట్రోల్స్' అని విమానం తన చేతిలోకి తీసుకోవాలి. పక్కనున్నది ఎంత సీనియర్ అయినా సరే. ఎయిర్‌ఫోర్స్ నుంచి వచ్చినవాళ్ళలో కొందరికి ఇది అతిగా అనిపిస్తుంది, చూపుతోనే అర్థమయ్యేదానికి ఇన్ని మాటలెందుకని. సిమ్యులేటర్‌లో కొన్నాళ్ళు గడిచాక ఆ మాటల విలువ తెలుస్తుంది. నేరుగా ఫ్లయింగ్ స్కూల్ నుంచి వచ్చే పిల్లలకి మాటలన్నీ కంఠతా వచ్చు. కానీ కెప్టెన్ వినకపోతే రెండోసారి గట్టిగా అనే ధైర్యం రావడానికి టైం పడుతుంది.

ఇక్కడ మన డెల్టా పిల్లల గురించి ఒక మాట చెప్పాలి, ఎవరూ వేరేగా అనుకోవద్దు. పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో కలగజేసుకోకూడదని పెంచుతాం. అది మంచి పెంపకమే, నన్నూ అలాగే పెంచారు. దానిమీద మళ్ళీ రెండేళ్ళు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పడేస్తాం, అక్కడ బిట్లు పెట్టడం తప్ప నోరు తెరిచి మాట్లాడే పనే ఉండదు. లెక్కల్లో మన పిల్లలకి తిరుగులేదు. ఎస్‌ఎస్‌బీ (సైన్యంలో ఆఫీసర్లని ఎంపిక చేసే బోర్డు) గ్రూప్ డిస్కషన్‌లో మాత్రం వెనకబడిపోతారు. ఇంగ్లీషు రాక కాదు, ఎదుటివాడి మాట తప్పని నలుగురిలో మర్యాదగా చెప్పడం అలవాటు లేక. రెండు దారుల్లో దేనికైనా ఈ అలవాటు కావాలి. అబ్బాయిని ఇంట్లోనే మొదలుపెట్టమనండి. నాన్నగారు మోటార్ సైకిల్ వేగంగా నడిపితే వెనక కూర్చుని 'నాన్నా, ఎనభై దాటింది' అనగలగాలి. నాన్నగారు విసుక్కోకుండా తగ్గించాలి.

మేనమామగారి లెక్కకి వద్దాం. ఎన్‌డీఏకి (ఇంటర్ తర్వాత ఆఫీసర్ శిక్షణకి తీసుకునే నేషనల్ డిఫెన్స్ అకాడమీ) యూపీఎస్‌సీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది. రాతకు 900 మార్కులు, ఎస్‌ఎస్‌బీకి 900. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర మధ్య ఉండాలి. ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్‌కి సీపీఎస్‌ఎస్ అనే కంప్యూటర్ పరీక్ష ఉంది, జీవితంలో ఒక్కసారే అవకాశం. ఎంపికైతే ఖడక్‌వాస్లాలో మూడేళ్ళు, తర్వాత హైదరాబాద్ పక్కన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో పిలాటస్ పీసీ-7 అనే శిక్షణ విమానం మీద మొదలు. డిగ్రీ తర్వాతైతే ఏఎఫ్‌క్యాట్ అనే ఎయిర్‌ఫోర్స్ ప్రవేశ పరీక్ష ద్వారా 14 ఏళ్ళ షార్ట్ సర్వీస్ ఉంది. 2022 నుంచి ఎన్‌డీఏలో ఆడపిల్లలూ చేరుతున్నారు, మీ ఇంట్లో అమ్మాయిలుంటే వాళ్ళకీ ఇదంతా వర్తిస్తుంది.

ఈ లెక్కలో మేనమామగారు చూడనివి రెండున్నాయి. శిక్షణలో మెరిట్‌ని బట్టి, అవసరాన్ని బట్టి ఫైటర్, ట్రాన్స్‌పోర్ట్, హెలికాప్టర్ అని విడదీస్తారు. అది మన చేతిలో లేదు. హెలికాప్టర్ వస్తే (వరదల్లో మన లంకల మీద పులిహోర పొట్లాలు వేసేది, మనుషుల్ని పైకి లాగేది వాళ్ళే, అంతకన్నా గొప్ప పని నాకు తెలియదు) ఎయిర్‌లైన్ విమానానికి లైసెన్సు వేరేగా తెచ్చుకోవాలి. రెండోది, పర్మనెంట్ కమిషన్‌లో పింఛను రావాలంటే 20 ఏళ్ళ సర్వీసు ఉండాలి, ముందే వదిలి వెళ్తానంటే అనుమతి దొరకడం కష్టం. బయటికొచ్చాక డీజీసీఏ (పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) పరీక్షలు రాసి, చాలాచోట్ల కుడి సీట్లోంచే మొదలుపెట్టాలి. తనకన్నా పదేళ్ళు చిన్న కెప్టెన్‌కి చెక్‌లిస్ట్ చదివి వినిపించాలి. నాకు అది బాధనిపించలేదు, కొందరికి చాలా కష్టమైంది. ఎయిర్‌లైన్‌కి మెట్టుగా మాత్రమే ఎయిర్‌ఫోర్స్‌లో చేరినవాడు ఆ 20 ఏళ్ళూ మనసు పెట్టి చేయలేడు. రెండు మూడేళ్ళకో బదిలీ, భార్య ఉద్యోగం కుదరకపోవడం, పిల్లల స్కూళ్ళు మారడం. అది ఇష్టపడి చేసే పని కాకపోతే ఇవన్నీ బరువైపోతాయి. దేశం కోసం ఎగరాలని ఉంటేనే వెళ్ళమనండి. జీతం లెవెల్ 10లో 56,100 బేసిక్‌తో మొదలవుతుంది, 15,500 మిలిటరీ సర్వీస్ పే, ఫ్లయింగ్ అలవెన్స్ అదనం. క్వార్టర్స్, వైద్యం వాళ్ళే చూసుకుంటారు.

సీపీఎల్ దారిలో డబ్బు పైకి చూసినదానికన్నా ఎక్కువ పడుతుంది. లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి, దానికే అరకోటికి అటూ ఇటూ అవుతుంది. దాని పైన ఎయిర్‌బస్ లాంటి విమానానికి టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడిపే అర్హత కావాలి, మళ్ళీ లక్షల్లోనే. అప్పటికీ ఉద్యోగం చేతిలో ఉండదు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్, 2023లో గో ఫస్ట్ ఎయిర్‌లైన్లు ఆగిపోయినప్పుడు వేల గంటల అనుభవమున్నవాళ్ళు రోడ్డున పడ్డారు, కొత్త లైసెన్సు పిల్లల మాట ఇక చెప్పక్కర్లేదు. మరోవైపు 2023లోనే ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకి ఆర్డర్లిచ్చాయి. వాటికి పైలట్లు కావాలి. కో-పైలట్‌గా చేరి, 1500 గంటలు దాటి ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ కెప్టెన్‌కి కావలసిన లైసెన్సు) తెచ్చుకుని, కంపెనీ నమ్మకం సంపాదిస్తే ముప్పై ఏళ్ళ వయసుకే కెప్టెన్ కావచ్చు, 65 దాకా ఎగరొచ్చు. డబ్బు విషయంలో ఎయిర్‌లైన్‌దే పైచేయి, అందులో సందేహం లేదు. నిద్ర విషయంలో మాత్రం కష్టమే. వారపు విశ్రాంతి 2025లో 36 గంటల నుంచి 48కి పెంచారు. పైలట్లు ఏళ్ళ తరబడి అడిగితే వచ్చింది అది.

అబ్బాయి మనసు ఎటుందో మీరన్న నాలుగు మాటల్లో నాకు తెలియదు గానీ, చేయాల్సిన పని వరస మాత్రం చెప్పగలను. ముందు భీమవరంలోనే ఒక కంటి డాక్టర్‌ దగ్గర రంగుల పరీక్ష చేయించండి, ఆ ఇషిహారా పుస్తకం చాలామంది దగ్గర ఉంటుంది. ఎర్ర, పచ్చ తేడా తెలియకపోతే రెండు దారులూ కష్టమే. ఆ సంగతి పదిహేడేళ్ళకే తెలిస్తే నయం. కళ్ళజోడుంటే సీపీఎల్‌కి అడ్డు కాదు, ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్‌కి మాత్రం చాలా గట్టిగా చూస్తారు. కాలి పొడవు, కూర్చున్నప్పటి ఎత్తు కూడా కొలుస్తారు. ఇది బాగుంటే ఎన్‌డీఏకి అప్లికేషన్ పెట్టించండి, ఫీజు వంద రూపాయలే. వయసు దాటేలోగా రెండు మూడు ప్రయత్నాలు దొరుకుతాయి. దానితోపాటే డీజీసీఏ క్లాస్ 2, క్లాస్ 1 మెడికల్స్ చేయించి, డీజీసీఏ పరీక్షలు రాయడానికి కావలసిన కంప్యూటర్ నంబర్ తీసుకుని నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ పేపర్లు చదవమనండి. ఒక్కో పేపర్లో 70 శాతం రావాలి. అవి పాసయ్యేదాకా చెరువు బేరం పెట్టొద్దని మీ అన్నయ్యగారితో నా మాటగా చెప్పండి.

ఫ్లయింగ్ స్కూల్ ఎంచుకునేటప్పుడు బ్రోషర్ చూసి డబ్బు కట్టకండి. మీరే వెళ్ళి రెండు రోజులు అక్కడ ఉండండి. ఎన్ని విమానాలు నిజంగా ఎగురుతున్నాయి, ఎన్ని హ్యాంగర్‌లో విప్పి ఉన్నాయి, ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది పిల్లలు, పోయిన నెలలో ఒక్కో స్టూడెంట్ ఎన్ని గంటలు ఎగిరాడు అని లాగ్‌బుక్కులు చూసి అడగండి. క్యాంటీన్‌లో సీనియర్ పిల్లలతో టీ తాగితే సగం సంగతి వాళ్ళే చెప్పేస్తారు. క్లాస్ 1 రిపోర్ట్ వచ్చాక మీరు చూసిన స్కూళ్ళ పేర్లు రాయండి, తెలిసినంతలో చెబుతాను.